నగదు నిల్వ నిజమేనా? - సత్యం లెక్కల నుంచి ఒక పాఠం

తమ్ముళ్లారా, కామర్స్ పై చదువులకు వెళ్తే మీకు ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ఒక కంపెనీ లెక్కలిచ్చి, దాని విలువ పెరగాలంటే ఏ నిర్ణయాలు తీసుకోవాలో సూచించమంటారు. మనం నిష్పత్తులు కట్టి సలహాలు రాసేస్తాం. ఇచ్చిన అంకెలు నిజమైనవేనా అని పరీక్షలో ఎవరూ అడగరు. బయట మాత్రం మొదట అడగవలసింది అదే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కథ చదివితే ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో సత్యం చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలు. ఆ మూడు నెలల రాబడి 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం. ఈ అంకెలు మన చేతికిస్తే ఏం రాస్తాం? ఇంత డబ్బు ఊరికే బ్యాంకులో పెట్టుకుంటే వాటాదారుకు ఒరిగేది తక్కువ. తన వ్యాపారంలోనే మంచి రాబడి వచ్చే చోట పెట్టాలి, లేదా డివిడెండుగా పంచాలి, లేదా సొంత షేర్లు తిరిగి కొనాలి. పుస్తకం చెప్పే జవాబు ఇదే, తప్పేమీ లేదు.

సత్యం చేయబోయింది వేరు. 2008 డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూముల వ్యాపారం ఎందుకు? పేరుమోసిన ప్రొఫెసర్లున్న బోర్డే దీనికి ఒప్పుకుంది. వాటాదారులు మాత్రం గగ్గోలు పెట్టారు. గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది.

2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో గుట్టు బయటపడింది. 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. ఆ మూడు నెలల అసలు రాబడి 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు, అంటే 3 శాతం. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని ఆయనే రాశారు.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. 2,700 లోంచి 2,112 తీసేయండి: 588. 649 లోంచి 61 తీసేయండి: మళ్లీ 588. లేని రాబడికి జీతాలుండవు, ఖర్చుండదు. అందుకే అది మొత్తం లాభమై కూర్చుంది. లాభం వచ్చిందన్నాక ఆ డబ్బు ఎక్కడో ఒకచోట చూపాలి కదా! బ్యాంకు నిల్వలో చూపారు. ఆ మూడు నెలల్లోనే దొంగ నిల్వ 588 కోట్లు పెరిగింది. ఆపై లేని డబ్బుకు వడ్డీ కూడా రాయాలి. రావలసిన వడ్డీ పేరుతో లేని 376 కోట్లు లెక్కల్లో ఉన్నాయి. ఒక అబద్ధం మూడు పద్దులకు పాకింది.

మన హాస్టలు స్టాకు రిజిస్టరులో పది బస్తాల బియ్యం అని ఉంటే, సరిగా తనిఖీ చేసేవారు రిజిస్టరు చూసి వెళ్లిపోరు. స్టోరు తలుపు తీయించి బస్తాలు ఎంచుతారు. కంపెనీ డబ్బుకు స్టోరు గది బ్యాంకే. నిల్వ ఎంతో బ్యాంకే నేరుగా ఆడిటరుకు చెప్పాలి. కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితాన్ని నమ్మకూడదు.

నన్నడిగితే, "ఆ డబ్బు పంచండి" అన్న పాత సలహాకు ఇక్కడే అసలు బలం ఉంది. డివిడెండు కాగితం మీద పంచలేరు. నిజంగా ఉన్న కంపెనీ ఇస్తుంది, లేని కంపెనీ సాకులు వెతుకుతుంది. విలువ పెంచే నిర్ణయమే నిజాన్ని తేల్చే పరీక్ష కూడా అవుతుంది.

లేఖ బయటపడిన రోజే షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. కేంద్రం పాత బోర్డును తొలగించి కొత్త సభ్యులను వేసింది. ఆ బోర్డు ముందు చూసుకున్నది జీతాలు, ఖాతాదారులు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మనుషులు వెళ్లిపోతే మిగిలేది కుర్చీలే. 2009 ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల లెక్కన గెలిచింది. 2013లో సత్యం అందులో విలీనమైంది. 2015లో ప్రత్యేక కోర్టు రాజుకు, మరికొందరికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది.

షేర్ మార్కెట్లో ఉన్న ఏ కంపెనీ వార్షిక నివేదికైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒకటి తీసి బ్యాంకు నిల్వ ఎంతో, దానిమీద వచ్చిన వడ్డీ ఎంతో, అందులో చేతికి అందింది ఎంతో, "రావలసినది" అని రాసింది ఎంతో పక్కపక్కన రాసి చూడండి.