విత్తనం పేరు రాసుకునే ఉద్యోగం

పర్యావరణం మీద రాయాలని, రాతతో ఆగక ఊళ్లలో పనిచేయాలని ఉన్న నారాయణఖేడ్ డిగ్రీ విద్యార్థులు ఢిల్లీ వైపు చూసేముందు ఒకసారి జహీరాబాద్ బస్సెక్కాలి. ఆ పట్నం పక్కనే పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడే ఉంది.

దాన్ని 1983లో మిత్రులతో కలిసి మొదలుపెట్టిన పి.వి. సతీష్‌ది మైసూరు. దూరదర్శన్ ప్రొడ్యూసర్. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీని చేర్చిన 'సైట్' ప్రయోగంలో పనిచేశారు. జనానికి చెప్పడం ఆయన వృత్తి. పస్తాపూర్ చుట్టుపక్కల సొసైటీ దళిత మహిళా సంఘాల్లో మాత్రం చెప్పాల్సింది ఆ మహిళలే. ఏ నేలలో పచ్చజొన్న వేయాలి, దాని సాళ్ల మధ్య కందులు, అనుములు ఎట్లా కలపాలి, బూడిద, వేపాకు వేసి విత్తనం ఎట్లా దాచాలి, పొలంలో దానంతటదే మొలిచే జొన్నచెంచలి కూర ఎప్పుడు తెంపాలి... బడి ముఖం చూడని ఆడవాళ్ల దగ్గరే ఆ చదువంతా ఉంది. అందుకే కెమెరా, మైకు వాళ్ల చేతికే వచ్చాయి. వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు సినిమాగా తీసింది వాళ్లే. 2008 అక్టోబరు 15న మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపిందీ వాళ్లే. సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న 2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు.

ఈ రంగంలో మంచి శైలి కన్నా మంచి చెవి ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఆ లెక్కన మీరు ముందే ఒక మెట్టు పైన ఉన్నారు. తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ చెవిన పడే సరిహద్దు ప్రాంతం మనది. తైదలంటే ఏమిటో మీకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక చదువుల సంగతి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కు ప్రయత్నించవచ్చు. 13 నెలలు పల్లెలో ఉండి పనిచేయాలి, నెలనెలా భృతి ఇస్తారు. స్వచ్ఛంద సంస్థల్లో తొలి జీతాలు తక్కువే. ఆ మాట ఇంట్లో ముందే చెప్పుకోవాలి.

అయితే ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక కమిటీ, ఊరి పంటలు, చెట్లు, జీవాల వివరాలతో ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఈ సెలవుల్లో మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. మీ నాయనమ్మ పేరుపెట్టి చెప్పే జొన్నలు అందులో ఉన్నాయా? లేకుంటే మీ మొదటి పని దొరికినట్టే. గింజ పేరు, అది వేసే నేల, కార్తె, ఆఖరుసారి ఎవరి చేలో పండింది, విత్తనం ఇప్పుడు ఎవరింట్లో ఉంది, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరిగే పాత పంటల జాతరకూ నోటుబుక్కుతో పోండి.

రాసింది చెప్పినవాళ్లకు చదివి వినిపించండి. ఆ తెలివి వాళ్లది. తమ పేరు రాయమంటే రాయండి, వద్దంటే కొట్టేయండి.