జేజి ఫొటోకి ఎంత ఖరీదు లెన్సు కావాలి?



తొమ్మిదో పదో తరగతి చదివే బిడ్డ చేతిలో కెమెరా ఉంటే, "నాన్నా, పోర్ట్రెయిట్‌ లెన్సు కావాలి" అనే మాట ఈపాటికి మీరు వినే ఉంటారు. మొహం స్పష్టంగా, వెనకున్నదంతా మెత్తగా మసకబారినట్టు వచ్చే ఫొటోల కోసం అడిగే లెన్సు అది. ధర చూస్తే ఇరవై వేలు, ముప్పై వేలు. అరటి ధర పడిపోయిన ఏడాదిలో ఆ మాట వింటే కోపం రావడం సహజమే.

కోపం కాసేపు పక్కన పెట్టి ఒకటి ఆలోచించండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు మంచి ఫొటో ఒకటైనా ఉందా? గోడకు పటం కట్టించాల్సి వచ్చిన రోజున, పెళ్లి గుంపు ఫొటోలోంచి మొహం కత్తిరించి పెద్దది చేయించే ఇళ్లు ఎన్నో. అదీ లేకుంటే ఆధార్‌ కార్డు ఫొటోనే దిక్కు. కువైట్‌లో పనిచేసే కొడుక్కి జేజి మొహం వీడియో కాల్‌లో తప్ప కనబడదు. కాబట్టి బిడ్డ అడిగే లెన్సుకి ఇంట్లో నిజంగా పని ఉంది. ఆ పని ఐదు వేల లోపు అయిపోతుంది, రింగును చేత్తో తిప్పడానికి బిడ్డ ఒప్పుకుంటే.

మాన్యువల్‌ ఫోకస్‌ లెన్సు అంటే అదే. లోపల మోటారు ఉండదు, మొహం స్పష్టంగా కనబడేదాకా రింగు తిప్పాలి. తక్కువరకం అనుకోవద్దు. తనంతట తానే ఫోకస్‌ చేసుకునే ఎస్సెల్లార్‌ కెమెరాలు జనంలోకి బాగా వెళ్లింది 1985లో మినోల్టా 7000 వచ్చాకే. అంతకు ముందు స్టూడియోలో రెండు కళ్ల యాషికాతో తీసిన ఫొటోలన్నీ చేతి ఫోకస్సే. మన కడప జిల్లా నుంచి వెళ్లిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి తీసిన 'మాయాబజార్‌' (1957)లో మార్కస్‌ బార్ట్‌లీ కెమెరా పనితనాన్ని ఇప్పటికీ చెప్పుకుంటాం. సినిమా కెమెరాకు ఫోకస్‌ చూసే అసిస్టెంటు లెన్సు నుంచి నటుడి మొహం దాకా టేపుతో దూరం కొలిచి రింగు తిప్పేవాడు. ఆ టేపు మనకూ పనికొస్తుంది.

అందరికీ మాత్రం ఇది సరిపోదు. మీ బిడ్డ తీసేది కబడ్డీ ఆటో, పరుగెత్తే చెల్లెలినో అయితే, రింగు తిప్పేలోపు ఆట అయిపోతుంది. అలాంటివాళ్లు పదివేల చుట్టుపక్కల దొరికే ఆటోఫోకస్‌ 50 ఎంఎం లెన్సు కోసం డబ్బు దాచుకోవడమే మేలు. అరుగు మీద కూర్చుని చింతపండుకు గింజ తీసే జేజి ఎక్కడికీ పరుగెత్తదు.

యాభై ఎందుకు?

ఇళ్లలో ఎక్కువగా ఉండేవి కెనాన్‌ 1500డి, 200డి, నికాన్‌ డి3500 లాంటి చిన్న సెన్సరు కెమెరాలు. వీటికి 50 ఎంఎం పెట్టి, మనిషికి ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడితే తల, భుజాలు ఫ్రేములో నిండుగా వస్తాయి. ఈ దూరం ముఖ్యం. ఫోనును మొహానికి జానెడు దూరంలో పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. ఆ తప్పు ఫోనుది కాదు, దగ్గరితనానిది. 85, 135 ఎంఎం లెన్సులూ మంచివే గానీ, మన ఇళ్ల పంచల్లో వాటికి సరిపడా వెనక్కి జరగడానికి చోటుండదు.

లెన్సు మీద ఎఫ్‌ 1.8 అని ఉంటే, 50ని 1.8తో భాగించగా వచ్చే సుమారు 28 మిల్లీమీటర్ల వెడల్పున వెలుతురు లోపలికి వస్తుందని అర్థం. ఎఫ్‌ 1.4, 1.2 అయితే ధర పెరుగుతుంది, జేజికి ఒరిగేదేమీ లేదు. ఒకటిన్నర మీటరు దూరంలో ఎఫ్‌ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లే. కన్ను బాగుంటే చెవి మసక. ఎఫ్‌ 4 దగ్గర అది పదమూడు పద్నాలుగు సెంటీమీటర్లు అవుతుంది, ముక్కు కొన నుంచి చెవి కమ్మల దాకా సరిపోతుంది. తీసేది ఎలాగూ 2.8కీ 4కీ మధ్యనే అయినప్పుడు 1.2కి డబ్బు పోయడం దండగ.

కెమెరాకు కూర్చుంటుందా?

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పదో తరగతిలో కటక సూత్రం ఉంది కదా, బిడ్డనే లెక్క వేయమనండి. 50 ఎంఎం కటకం దూరాన ఉన్న పాలకొండలను తన వెనక 50 మిల్లీమీటర్ల దగ్గర స్పష్టంగా చూపిస్తుంది. ఒకటిన్నర మీటరులో ఉన్న జేజి మొహాన్ని 51.7 దగ్గర. అంటే కొండ మీది నుంచి జేజి మీదికి ఫోకస్‌ మార్చడానికి లెన్సు ముందుకు జరిగేది 1.7 మిల్లీమీటర్లు. అంత రింగు తిప్పితే జరిగేది అంతే!

ఇప్పుడు కెమెరా లోతు చూడండి. లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సరు దాకా కెనాన్‌ డీఎస్సెల్లార్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. సోవియట్‌ కాలపు హీలియోస్‌ 44-2 (58 ఎంఎం, ఎఫ్‌ 2) లాంటి ఎం42 మర లెన్సులు 45.46 మిల్లీమీటర్లకు చేసినవి. కెనాన్‌ మీద మిగిలిన 1.46 మిల్లీమీటర్ల సందును సన్నని రింగు అడాప్టరు నింపుతుంది, కొండా వస్తుంది, జేజీ వస్తుంది. నికాన్‌ మీద లెన్సు ఒక మిల్లీమీటరు పైగా ముందుకే ఉండిపోతుంది కాబట్టి దూరాన ఉన్నదేదీ స్పష్టంగా రాదు. నికాన్‌ ఉన్న ఇంటికి పాత నికాన్‌ లెన్సే మంచిది, ఉదాహరణకు సిరీస్‌ ఇ 50 ఎంఎం ఎఫ్‌ 1.8. దానికి అడాప్టరు అక్కర్లేదు. కాకపోతే డి3500 లాంటివాటిలో వెలుతురు కొలత పనిచేయదు. ఎం మోడులో పెట్టి, ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకుంటూ సరిచేసుకోవాలి.

పేరు చూసి మోసపోవద్దు. 1987లో ఈఓఎస్‌ కెమెరాలు రాకముందు కెనాన్‌ వాడిన ఎఫ్‌డీ లెన్సులు 42 మిల్లీమీటర్లకు చేసినవి, నేటి కెనాన్‌ డీఎస్సెల్లార్‌కు పనికిరావు. అమ్మేవాడు "రెండూ కెనానే కదా" అంటాడు. మిర్రర్‌లెస్‌ కెమెరాలకు ఈ బాధ లేదు. సోనీలో ఆ లోతు 18, నికాన్‌ జడ్‌లో 16 మిల్లీమీటర్లే కాబట్టి దాదాపు ఏ పాత లెన్సైనా తగిన అడాప్టరుతో కూర్చుంటుంది. మెనూలో 'లెన్సు లేకున్నా షటర్‌ పనిచేయాలి' అనేది ఆన్‌ చేయించండి. లేదంటే బటన్‌ నొక్కినా ఫొటో పడక, కెమెరా పాడైందని బిడ్డ బెదిరిపోతుంది.

తిరుపతికో, రైలెక్కి చెన్నైకో పోయి, అంగట్లో చేత్తో పట్టుకుని కొనడం మేలు. ఫోను టార్చి వెలిగించి లెన్సు లోపలికి చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫరవాలేదు. సాలెగూటి పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్‌, వదిలేయండి. లోపలి బ్లేళ్ల మీద నూనె మెరిస్తే బేరం తగ్గించడం కాదు, లెన్సే వద్దు. పాత సూపర్‌ టకుమార్‌ 50 ఎఫ్‌ 1.4 గాజులో థోరియం ఉంటుంది, కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. పిల్లల చేతికి అది వద్దు. మన మే నెల ఎండలో లెన్సును కారులో వదిలేస్తే గ్రీజు పలచబడి బ్లేళ్ల మీదికి పాకుతుంది, అదీ చెప్పండి.

ముందు ఒక వారం పరీక్ష

కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయించండి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సును 55 దగ్గర పెట్టి, ఆటోఫోకస్‌ ఆపేసి, వారం రోజులు చేత్తోనే ఫోకస్‌ చేసి తీయమనండి. మూడో రోజుకే విసుగొస్తే లెన్సు కొనకండి.

వారం నిలబడితే, జేజిని పంచలో వెలుతురు ఒక పక్కనుంచి పడేలా కూర్చోబెట్టండి. ఉదయం తొమ్మిది లోపు బాగుంటుంది. నేల కడప నల్ల బండలైతే కింది నుంచి వెలుతురు తిరిగి రాదు, కళ్ల కింద నీడ పడుతుంది. ముందు తెల్ల పంచె ఒకటి పరిస్తే ఆ నీడ తేలికవుతుంది. లెన్సు మీది దూరం అంకెలు సెన్సరు నుంచి లెక్క. కెమెరా పైన గీత దాటిన సున్నా గుర్తు ఉంటుంది, ఒకటిన్నర మీటరు దారాన్ని అక్కడి నుంచి జేజి చెంప దాకా పట్టి కొలవండి. రింగును 1.5కి తిప్పి దారం తీసేయాలి. తర్వాత లైవ్‌ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, కెమెరాకు దగ్గరగా ఉన్న కన్ను మీద సరిచూసుకోవాలి. ఆ లోపు జేజి ఊపిరి తీసుకుని కాస్త ముందుకు వంగుతుంది, మళ్లీ తిప్పాలి. మొదట బిగుసుకుని కూర్చున్న మనిషి ఈ ఆలస్యంలోనే "ఇంకా అయిందా రా" అని నవ్వుతుంది. నొక్కాల్సింది అప్పుడు.

ఫొటో కువైట్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఒక కాపీ ల్యాబులో ప్రింటు వేయించండి. దాని వెనక పేరు, పుట్టిన ఊరు, తేదీ జేజి చెబుతుండగా బిడ్డ చేత రాయించండి.