గుర్రం ప్రశ్నలు అడగదు



ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో, ఎన్ని ఇళ్ళకు రేషన్ చేర్చామో ప్రతి సంవత్సరం ఈ సంచికలో మీకు లెక్క చెబుతున్నాం. ఈసారి లెక్కకు అందని ఒక విషయాన్ని మీ ముందుంచుతున్నాం.

గత ఏడాది పుస్తకాల పంపిణీ రోజున ఒక బాబును వేదిక మీదికి పిలిచాం. తండ్రి పోయి అప్పటికి నాలుగు నెలలు. సంచీ అందుకున్నాడు, ఫొటోకు నిలబడ్డాడు, తల మాత్రం ఎత్తలేదు. భోజనాల వేళ కనిపించకపోతే వెతికాం. పక్క ఫంక్షన్ హాలు బయట బారాత్ కోసం తెచ్చిన గుర్రం దగ్గర ఉన్నాడు. దాని మెడ నిమురుతూ ఏదో చెబుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఆపేశాడు. గుర్రం తెచ్చిన పెద్దాయన, "కాసేపు ఉండనివ్వండి సాబ్, దానికి నీళ్ళు పెట్టింది వాడే" అన్నాడు.

నాలుగు నెలలుగా మాతో ఒక్క మాట మాట్లాడని బిడ్డ, ముక్కూమొహం తెలియని గుర్రంతో ఎందుకు మాట్లాడాడు? ఆ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వదల్లేదు.

గుర్రం స్వభావం

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. అందుకే ఎప్పుడూ అప్రమత్తంగా ఉంటుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనుక మాత్రం దానికి కనబడదు. దాని దగ్గరకు పక్కనుంచి, నెమ్మదిగా, కనిపిస్తూ వెళ్ళాలి. మనిషి కంగారుపడితే అదీ బెదురుతుంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్రాలకు మనుషుల ముఖాల ఫొటోలు చూపారు. కోపంతో ఉన్న ముఖాన్ని చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది.

దుఃఖంలో ఉన్న బిడ్డ అలాంటి జీవి పక్కన నిలబడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. అది "ఎలా జరిగింది?" అని అడగదు. "పాపం" అనదు. కానీ బిడ్డ చేయి వణికితే దానికి తెలుస్తుంది. దాన్ని కుదుటపరచాలంటే ముందు తాను కుదుటపడాలి. పైగా దానికి గడ్డి వేయాలి, నీళ్ళు పెట్టాలి, ఒళ్ళు రుద్దాలి, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయాలి. అందరూ జాలిపడే బిడ్డకు తన మీద ఆధారపడే ప్రాణి ఒకటి దొరుకుతుంది.

ఒక జత చేతి తొడుగులు

అమెరికాలో పేరున్న గుర్రాల శిక్షకుడు బక్ బ్రానమన్. 1998లో వచ్చిన 'ది హార్స్ విస్పరర్' సినిమాకు సలహాదారు. ఆయన జీవితం మీద 2011లో 'బక్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. ఆ తర్వాత తండ్రి కొట్టే దెబ్బలు మరీ ఎక్కువయ్యాయి. బడిలో ఒక కోచ్ ఆ పిల్లవాడి వీపు మీది వాతలు చూశాడు. చూసి ఊరుకోలేదు. అలా బక్‌, అతని సోదరుడు మోంటానా రాష్ట్రంలో ఒక పెంపుడు కుటుంబానికి చేరారు.

పెంపుడు తండ్రి ఆ పిల్లవాడికి ఒక జత తోలు చేతి తొడుగులిచ్చి, కంచె వేసే పనికి వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆ తొడుగులు ఎంత అపురూపమయ్యాయంటే, పాడవుతాయని వేసుకోకుండానే పనిచేశాడట. దెబ్బలు తిన్న ఆ బిడ్డకు బెదిరే గుర్రం మనసు తెలిసింది. పెద్దవాడై, కొట్టకుండా గుర్రాన్ని మచ్చిక చేసే విద్యను ఊరూరా తిరిగి నేర్పాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. గుర్రం ఒక్కటే అతన్ని నిలబెట్టలేదు. చూసిన కోచ్ ఉన్నాడు, ఇల్లిచ్చిన దంపతులు ఉన్నారు. గుర్రం తన వంతు చేసింది, మనుషులు తమ వంతు చేశారు.

మన దగ్గరి పాఠం

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పసివాడు. ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయింది. తానే అనాథగా పెరిగిన దైవప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళినప్పుడు దిగులుగా ఉన్న పసివాణ్ణి చూశారు. పెద్దవారిని పిలిచినట్టు గౌరవంగా పేరు పెట్టి పిలిచి, ఆ పిట్ట సంగతే అడిగి పలకరించారు. పిట్టే కదా అని తీసిపారేయలేదు.

మనం చేస్తున్నదేమిటి? బిడ్డను వందమంది ముందు నిలబెట్టి, మైకులో "తండ్రిలేని బిడ్డ" అని చెప్పి సంచీ ఇస్తున్నాం. ఈ తప్పు దాతలది కాదు, ఏర్పాట్లు చేసిన మాదే. ఇకముందు వేదిక మీద పిల్లలకు పంపిణీ ఉండదు. ఫొటోలూ ఉండవు. సామాను ఇంటికే చేరుస్తాం. రసీదు, లెక్క యథాప్రకారం మీకు అందుతాయి.

మీ నుంచి రెండు కోరుతున్నాం. మొదటిది, నెలకు ఒక్క గంట. ఒక బిడ్డ దగ్గరకు ఇంట్లోవారి సమక్షంలో వెళ్ళండి. ప్రశ్నలు వద్దు, కలిసి ఏదైనా పని చేయండి. సైకిల్ బాగుచేయండి, మొక్క నాటండి. రెండోది, బిడ్డ సాకగలిగే ఒక ప్రాణి. గుర్రాన్ని పోషించడం మన శక్తికి మించిన పని. కానీ ఒక మేకపిల్ల, రెండు కోళ్ళు, ఒక జత పావురాలు చాలు. ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటేనే ఇద్దాం, మేత ఖర్చు సంఘం చూసుకుంటుంది. నిద్ర, తిండి మానేసి కుమిలిపోయే బిడ్డ ఉంటే మాత్రం వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాల్సిందే. ఏ జంతువూ వైద్యుడికి బదులు కాదు.

ఆ బాబు ఇప్పుడు సెలవు రోజుల్లో, తల్లి అనుమతితో, ఆ పెద్దాయన కొట్టానికి వెళ్ళి గుర్రానికి ఉలవలు పెట్టి వస్తున్నాడు. మొన్న మా కార్యకర్త ఎదురైతే తనంతట తానే ఆగి, "దానికి కొత్త నాడాలు వేశారు" అని చెప్పాడట. ఇంకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.