ఇంటి కంప్యూటరుకు రెండో హార్డ్ డిస్కు

విత్తనానికి దాచిన గింజలను ఏ రైతూ ఒకే గుమ్మిలో పోసి నిశ్చింతగా ఉండడు. ఒకదానికి పురుగు పడితే రెండోది ఆదుకుంటుంది. మరి పాసుపుస్తకం కాపీ, పహాణీ నకళ్లు, బ్యాంకు అప్పు కాగితాలు, పంట నష్టం ఫోటోలు కంప్యూటరులో ఒక్క డిస్కు మీదే ఎందుకు ఉంచుతున్నట్లు?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల పొలాలు భవనాలయ్యాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు రైతుల పిల్లలు ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు. కంపెనీలు వాడి తీసేసిన కంప్యూటరును తక్కువ ధరకు కొని ఊళ్లో నాన్నకు పెడుతున్నవాళ్లూ ఉన్నారు. మంచిదే. అయితే అందులోని డిస్కు అప్పటికే కొన్నేళ్లు తిరిగి అలసిపోయి ఉంటుంది. నా పాత కంప్యూటరులో డిస్కు ఒకరోజు టక్ టక్‌మని ఆగిపోయింది. ఆరేళ్ల పంటల ఫోటోలు, రాసుకున్న లెక్కలు పోయాయి.

హార్డ్ డిస్కు లోపల గుండ్రటి పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటికి వెంట్రుకవాసి దూరం కూడా లేకుండా ఒక ముల్లు కదులుతూ రాస్తుంది. అందుకే నడుస్తున్నప్పుడు డబ్బాను కదపకూడదు. ఎస్‌ఎస్‌డీ అనే రకంలో తిరిగేదేమీ ఉండదు, వేగం ఎక్కువ. అయినా అదీ ఏదో ఒకనాడు చెడిపోయేదే.

రెండో డిస్కు కొనేముందు డబ్బా మూత తీసి చూడండి. ఆఫీసుల నుంచి వచ్చే చిన్న డబ్బాల్లో కొన్నిటికి రెండో డిస్కుకు చోటుండదు, కరెంటు వైరూ మిగలదు. చోటు లేకపోతే బయట యూఎస్‌బీకి తగిలించే డిస్కు తీసుకోవడమే మేలు. చోటుంటే 'సాటా' డిస్కు, దానికో సాటా కేబుల్ అడగాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లేవారు డబ్బా లోపలి భాగాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకెళ్తే దుకాణదారుకు తేలిగ్గా అర్థమవుతుంది.

బిగించేటప్పుడు కంప్యూటరు ఆపి, కరెంటు ప్లగ్గు పీకేయాలి. కాలికింద ప్లాస్టిక్ చాప ఉంటే తీసేసి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు బోర్డును పాడుచేయగలదు. డిస్కును దాని అరలో స్క్రూలతో కదలకుండా బిగించాలి. సన్న కేబుల్‌ను మదర్‌బోర్డుకు, వెడల్పు కేబుల్‌ను కరెంటుకు కలపాలి. రెండూ ఒకవైపుగానే ఎక్కుతాయి, బలవంతం చేయొద్దు. పాతకాలపు వెడల్పు పట్టీ కేబుల్ కంప్యూటర్లలో డిస్కు వెనక చిన్న జంపరు మార్చాల్సి వచ్చేది. సాటాకు ఆ బెడద లేదు.

ఇక అసలు జాగ్రత్త ఇక్కడ. కంప్యూటరు పెట్టాక స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవాలి. కొత్త డిస్కు 'అన్‌అలోకేటెడ్' అని నల్లగీతతో కనిపిస్తుంది. ఇనిషియలైజ్ చేయమని అడిగితే జీపీటీ ఎంచుకుని, నల్లగీత కింద కుడి క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయాలి. అయితే ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమే. డిస్కు 0, డిస్కు 1 అనే అంకెలను నమ్మొద్దు, తారుమారు కావచ్చు. సైజు చూసి పోల్చుకోండి. ఇంట్లోని పాత డిస్కునే రెండోదిగా పెడితే ముందు తెరిచి లోపల ఏముందో చూశాకే ముందుకెళ్లండి. అనుమానం ఉంటే ఆగి అబ్బాయికి ఫోన్ చేయండి, తప్పేమీ కాదు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. విండోస్ ఒక డిస్కులో, ఫోటోలు, కాగితాలు రెండోదాంట్లో పెట్టి, రెండు డిస్కులున్నాయి కదా అనుకుంటారు. కానీ ఫోటోలున్నది ఒక్కచోటే! రెండింటిలోనూ ఉంటేనే నకలు అవుతుంది. 'రెయిడ్ 1' అనే పద్ధతిలో రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాస్తుంది. అది డిస్కు చెడితే కాపాడుతుంది గానీ, మనవడు పొరపాటున ఏదైనా చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది. చిన్న రైతు ఇంటికి అంత ఏర్పాటు అక్కర్లేదు. వారానికోసారి, సంతకు వెళ్లొచ్చిన సాయంత్రం, కాగితాల ఫోల్డరును రెండో డిస్కులోకి తారీఖు పేరుతో కాపీ చేస్తే చాలు. పాత తారీఖుల్లో ఒకటి రెండు అలాగే ఉంచాలి. నెలకోసారి రెండోదాంట్లో ఒక ఫైలు తెరిచి చూడాలి.

పిడుగు పడినా, కరెంటు ఒక్కసారి ఎక్కువొచ్చినా ఒకే డబ్బాలోని రెండు డిస్కులూ కలిసి పోవచ్చు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయండి. అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు వేసి, హైదరాబాద్ గదిలో ఉంచమని చేతికిచ్చి పంపండి.