అడుగు బురద, పచ్చగడ్డి, పాలు
(సంఘ సభ్యులకు పాఠం)

మూసీ నది అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరం గుండా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. నగరం దాటిన తరువాత వేసవిలో ఆ నదిలో పారేది చాలావరకు మురుగునీరే. ఆ నీటితో పారాగడ్డి పెంచి పశువులకు మేపడం, నగరంలోని పాడివారికి అమ్మడం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం.

అటువంటి ఒక గ్రామానికి తనిఖీకి వెళ్లినప్పుడు ఒక సభ్యురాలు నన్నడిగింది: "సారూ, గడ్డి ఏపుగ పెరుగుతది, బర్రె పాలు మంచిగిస్తది. ఇంక దోషమేముంది?" ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠం.

లోహాలు ఎక్కడివి?

లోహపు పూత పనుల నుండి క్రోమియం, నికెలు, జింకు. పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుండి సీసం. అరిగిన టైర్ల నుండి జింకు వాననీటితోను, మురుగుతోను నాలాలలో చేరతాయి. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000 సంవత్సరంలో ఆగిపోయినా, అంతకు ముందు నేలపై పడినది ఇంకా మట్టిలోనే ఉన్నది. పేడ కుళ్లి మట్టిలో కలుస్తుంది. లోహానికి కుళ్లడమనేది లేదు.

బురదను ఎందుకు గమనించాలి?

లోహాలు మెత్తని మట్టి రేణువులకు, కుళ్లిన చెత్తకు అంటుకొని, ప్రవాహం నెమ్మదించే చోట, అనగా కత్వల వెనుక, చెరువులలో, అడుగుకు దిగుతాయి. అందుచేత పైనీటిలో కొద్దిగానే కనబడినా, అడుగు బురదలో ఎన్నో రెట్లు ఉండవచ్చును. ఇసుకలో తక్కువ, నల్లని జిగట బురదలో ఎక్కువ. గాలి తగలని బురదలో అవి గంధకంతో కలిసి కదలక ఉంటాయి. తవ్వి ఒడ్డున ఆరబోస్తే ఆ బంధం సడలి మళ్లీ కదులుతాయి. ఊరి చెరువు పూడిక పొలానికి బలమే. నగరపు నాలా పూడికను అదే విధంగా భావించరాదు.

గడ్డి నుండి పాలకు

కాడ్మియం, జింకు వేళ్ల నుండి ఆకుల దాకా సులువుగా పోతాయి. సీసం, క్రోమియం ఎక్కువగా వేళ్లలోనే ఆగుతాయి. కనుక సీసం పశువు కడుపులోకి పోయే ముఖ్యమైన దారి గడ్డికి అంటిన బురదయే. పశువు తిన్న సీసంలో పాలలోకి వచ్చేది స్వల్పం. ఎక్కువ భాగం పేడతో పోగా, మిగిలినది ఎముకలలో, కాలేయంలో, మూత్రపిండాలలో చేరుతుంది. అయినా పాలు తాగేది పసిపిల్లలు. సీసం వారి మెదడుకు హాని చేస్తుంది. అందుకే కోడెక్స్ ప్రమాణం కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాము మించరాదంటున్నది. దీనిని లాక్టోమీటరు చూపదు, వెన్న పరీక్ష చూపదు. కాచినా పోదు.

సభ్యులు చేయవలసినవి

1. గడ్డిని బురదకు పైన, వేళ్లు రాకుండా కోయాలి. మంచినీటితో కడిగి మేపాలి. కడిగితే పోయేది పైన అంటినది మాత్రమే.
2. వరదకు మునిగిన గడ్డిని వెంటనే మేపరాదు. కొత్త చిగురు వచ్చేదాకా ఆగాలి.
3. మురుగు గడ్డి ఒక్కదానితోనే మేపక, వరిగడ్డి, జొన్నచొప్ప, మరోచోట పెరిగిన పచ్చిమేత కలపాలి.
4. పశువులకు తాగడానికి నాలా నీరు పెట్టరాదు.
5. నాలా పూడికను మేత పొలానికి తోలరాదు.
6. పాత బ్యాటరీలు కొట్టం దగ్గర ఉంచరాదు. దూడలు నాకి చనిపోగలవు.

ఇదంతా విని ఆ సభ్యురాలు మళ్లీ అడిగింది: "గడ్డి బందు పెడితే మేమెట్ల బతకాలె?" న్యాయమైన ప్రశ్న. లోహాన్ని నాలాలో వదిలినది గడ్డి పెంచేవారు కాదు. ఆ భారం వారొక్కరే మోయడం తగదు. అందుచేత అటువంటి గ్రామాల సంఘాలు సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, బురద, గడ్డి, పాలు మూడింటి నమూనాలను ప్రయోగశాలలో పరీక్ష చేయించవలసిందిగా యూనియన్‌ను కోరాలి. ఫలితాలను మినిట్సు పుస్తకంలో వ్రాయాలి. ఒక రైతు అడిగితే అది ఫిర్యాదుగానే మిగలవచ్చు. సంఘం లెక్కలు చేతబట్టి అడిగితే సమాధానం చెప్పక తప్పదు.