ఉదయపు నడక మొదలుపెట్టాక నీరసమా?



డాక్టరుగారు నడవమన్నారని ఉత్సాహంగా మొదలుపెట్టి, పది రోజులు తిరగకుండానే "సిస్టరుగారూ, ఓపిక పెరగకపోగా ఉన్నది కాస్తా పోయింది" అంటూ ఓపీకి వచ్చేవారిని మేము తరచుగా చూస్తుంటాము. నడక మానమని మేము చెప్పము. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, నడిచి వచ్చాక ఎప్పుడు తిన్నారు అని మాత్రం అడుగుతాము. చాలామంది విషయంలో కారణం అక్కడే బయటపడుతుంది.

పెద్దవారికి రాత్రి కనీసం 7 గంటల నిద్ర కావాలి. 5 గంటలకు లేవదలచినవారు 10 గంటలకల్లా లైటు ఆర్పాలి. సీరియల్సు అన్నీ అయ్యాక, ఫోను చూసి చూసి 11:30కి పడుకుని, అలారం పెట్టుకుని లేస్తే ఎవరికైనా నీరసమే.

ఇక తిండి. ఈ మాట ముఖ్యంగా తల్లులకు. నడిచి వచ్చి, ఒక టీ తాగి, పిల్లలకు బాక్సులు కట్టి, అందరినీ పంపాక 10:30కి చల్లారిన ఇడ్లీ తింటారు. రాత్రి 8:30కి భోజనం చేసినవారికి అప్పటికి 14 గంటలైంది! బయలుదేరే ముందు గ్లాసుడు నీళ్ళు తాగండి. తిరిగి వచ్చిన గంటలోపు పెసరట్టో, గుడ్డో, ఉడికించిన శనగలో తినండి. వంట ఆ తరువాత చేసుకోవచ్చు. బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లిన ఏలీయాకు కూడా దేవదూత ముందు అప్పము, నీళ్ళు ఇచ్చాడు. అతడు తిని, మళ్ళీ పడుకుని, మళ్ళీ తిన్న తరువాతనే హోరేబుకు నడిచాడు (1 రాజులు 19).

షుగరు ఉన్నవారు ఇది జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు గాని వేసుకుని ఖాళీ కడుపుతో నడకకు వెళ్ళకూడదు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం కనిపిస్తే అది మామూలు నీరసం కాదు, రక్తంలో షుగరు పడిపోయి ఉండవచ్చు. వెంటనే కూర్చుని మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. తగ్గాక ఏదైనా తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకురండి. జేబులో నాలుగు గ్లూకోజు బిస్కెట్లు, పంచదార పొట్లం ఉంచుకోండి. ఉపవాస ప్రార్థన రోజున వీరు నడకకు వెళ్ళవద్దు. అసలు ఉపవాసం ఉండవచ్చునా అని కూడా డాక్టరుగారిని ముందే అడగండి.

నిద్ర, తిండి సరిచేసుకున్నా రెండు మూడు వారాలకు నీరసం తగ్గని స్త్రీలు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. ఐరన్ బిళ్ళను టీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో వేసుకోండి.

మొదటి వారం 15 నిమిషాలు చాలు. మెల్లగా రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులకు పెంచండి. ప్రక్కవారితో మాట్లాడగలిగేంత వేగం సరిపోతుంది. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు ప్రాకే నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే మరుసటి రోజు ఓపీ కోసం ఆగవద్దు, అప్పుడే క్యాజువాల్టీకి రండి. వచ్చేటప్పుడు వాడుతున్న బిళ్ళల అట్టలన్నీ వెంట తెచ్చుకోండి.