పెట్టె మారిస్తే స్నాగ్ పోయినట్టేనా?

వీరపునాయునిపల్లె

చిరంజీవి అబ్బికి,

నువ్వు ఏవియానిక్స్ వైపు, అందులోనూ హెలికాప్టర్ల వైపు పోవాలని తీర్మానించుకున్నావని తెలిసి సంతోషపడినాను. డీజీసీఏ బీ2 లైసెన్సుకు ఏ మాడ్యూల్ ఎట్లా చదవాలో మీ సార్లు చెబుతారు. నేను రాసేది పరీక్షలో అడగని సంగతి. ఆటోపైలట్ మీద పైలట్ ఒక స్నాగ్, అంటే లోపం, రాస్తాడు. నువ్వు ఒక పెట్టె మారుస్తావు. నేలమీద పరీక్షిస్తే అంతా సరిగ్గా ఉంటుంది. సంతకం పెడతావు. ఇంత పనిలో ఎక్కడా ‘ఎందుకు చెడింది’ అన్న ప్రశ్న రాలేదు చూడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు, ఆటోపైలట్ బాగుందని చెప్పి మిషన్‌ను పంపడం కన్నా, అది బాగాలేదని ఒప్పుకుని, దాన్ని ఆపేసి, ఆ మాట లాగ్‌బుక్‌లో రాసి పంపడమే మేలని నా వాదం. అప్పుడప్పుడు పనిచేసే ఆటోపైలట్ కన్నా అసలు పనిచేయనిదే నయం. మొండిమాటలా వినిపిస్తుందని తెలుసు. అందుకే కారణాలు కూడా రాస్తున్నాను, కాదనేవాళ్ళ మాటలు కూడా తీసుకుంటాను.

మొదట, ఆ యంత్రం ఎవరికి ఏం చేసిపెడుతుందో చూడు. ట్రిమ్ కుదిరిన చిన్న విమానం పైలట్ చెయ్యి వదిలినా కాసేపు తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్ పోదు. కుడిచేతిలో సైక్లిక్, ఎడమచేతిలో కలెక్టివ్, కాళ్ళ కింద పెడళ్ళు. వీటిలో ఒకటి కదిలిస్తే తక్కినవి సర్దాల్సిందే. మనిషి రెండు చేతులూ రెండు కాళ్ళూ ఆ పనికే అంకితమైతే, మ్యాపు చూడటానికీ, రేడియోలో మాట్లాడటానికీ, ముందున్న మబ్బును అంచనా కట్టడానికీ మిగిలే ధ్యాస ఎంత? ఆ ధ్యాసను మిగిల్చిపెట్టడమే ఆటోపైలట్ పని. దాని చేతులు రెండు రకాలు. కంట్రోల్ రాడ్ల దారిలో కూర్చునే సీరీస్ యాక్చుయేటర్లు చానా చురుకైనవి, కానీ వాటి కదలిక చిన్నది. పిచ్చిపట్టినా పైలట్ అదుపు చేసుకునేలా కావాలనే అంతకు కట్టేశారు. ట్రిమ్ యాక్చుయేటర్లు నిదానం, కానీ స్టిక్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తోయగలవు. ఒకటి వేలికొస, ఇంకొకటి భుజం అనుకో. కళ్ళు మాత్రం దానికి సొంతవి లేవు. ఎటు ఒరిగిందో జైరోలు చెప్పాలి, ఎత్తూ వేగమూ పిటో-స్టాటిక్ గొట్టాల్లోని గాలి చెప్పాలి, దిక్కు అయస్కాంత సెన్సర్ చెప్పాలి, నేల ఎంత దూరమో రేడియో ఆల్టిమీటర్ చెప్పాలి. ఇంతమంది తెచ్చిన వార్తలు నమ్మి నడిచేవాడు తప్పటడుగు వేశాడంటే, తప్పు వాడిదే కానక్కరలేదు.

అందుకే ఆటోపైలట్ స్నాగుల్లో కంప్యూటర్ పెట్టెను చివరగా అనుమానించాలి. మన అలవాటు దీనికి తలకిందులు. పైలట్ ‘ఆల్టిట్యూడ్ హోల్డ్ నిలవడం లేదు, నలభై అడుగులు పైకీ కిందికీ మెల్లగా ఊగుతోంది’ అని రాశాడనుకో. స్టాటిక్ గొట్టంలో ఒక జాయింటు కాస్త వదులైనా, వానాకాలం దాటాక అందులో నాలుగు నీటిచుక్కలు నిలిచినా ఆ ఊగడం అట్లే ఉంటుంది. కంప్యూటర్ తనకు తెలిసిన ఎత్తును నిక్కచ్చిగానే పట్టుకుంటోంది. ఆ తెలిసిన ఎత్తే అబద్ధం. సైక్లిక్ మధ్యలో ఒకచోట కాస్త పట్టేసినట్టుంటే, యాక్చుయేటర్ ముందు ఆగి, బలం చాలినాక ఒక్కసారిగా దూకుతుంది. పైలట్‌కు అది ఆటోపైలట్ తన్నినట్టు తగులుతుంది. నిజానికి కింద ఎక్కడో ఒక బేరింగ్ ఎండిపోయి ఉంటుంది. ట్రిమ్ వదిలేసి, హైడ్రాలిక్ ప్రెజర్ ఇచ్చి, కళ్ళు మూసుకుని స్టిక్‌ను నిదానంగా నాలుగు మూలలకూ తిప్పి చూడు. ఏ టెస్ట్ సెట్టూ చెప్పనిది అరచెయ్యి చెబుతుంది. రోటర్ బ్లేడ్ల ట్రాకింగ్, బ్యాలెన్స్ సరిగ్గా లేక కుదుపు ఎక్కువైతే, ఆ కుదుపంతా జైరోల లెక్కలోకి చేరుతుంది. అది మెకానికల్ వాళ్ళ పని, నాది కాదు అని బీ2 చేతులు దులుపుకుంటే ఆ స్నాగ్ ఏడాదైనా తేలదు.

అన్నింటికన్నా చిక్కు పెట్టేది వైరింగు. హెలికాప్టర్ పుట్టింది మొదలు వణుకుతూనే ఉంటుంది. ఒక క్లాంపు వదులై, వైర్ల కట్ట ఫ్రేమ్ అంచుకు రాసుకుంటూ ఉంటే, పై తొడుగు వెంట్రుక మందం అరిగి, లోపలి రాగి ఎప్పుడో ఒకసారి తళుక్కున లోహానికి తగులుతుంది. ఆగి ఉన్న మిషన్‌లో తగలదు. కనెక్టర్ విప్పి, భూతద్దం పెట్టి చూస్తే ముప్ఫై పిన్నుల్లో ఒక్కటి మాత్రం బంగారు పూత పోయి కొంచెం పచ్చబారి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే మోసం జరుగుతుంది. పెట్టె మార్చాలంటే ఆ కనెక్టర్ ఊడదీసి మళ్ళీ బిగించాలి కదా. ఆ బిగింపులో పిన్నులు ఒకదాన్నొకటి గీరుకుని తాత్కాలికంగా శుభ్రపడతాయి. స్నాగ్ పోతుంది. పేరు కొత్త పెట్టెకు వస్తుంది. పది రోజులకు అదే స్నాగ్ తిరిగొస్తుంది. ఊడదీసిన పాత పెట్టె వర్క్‌షాపుకు పోయి ‘ఏ లోపమూ లేదు’ అన్న చీటీతో స్టోరుకు చేరుతుంది. అక్కడి నుంచి ఇంకో హెలికాప్టరెక్కి, అక్కడా అనుమానాలు పుట్టిస్తుంది. మన చీనీతోటల్లో బోరు మోటారు కాలితే ఏం చేస్తారో నీకు తెలియనిది కాదు. పైపులన్నీ పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్ళీ దింపుతారు. నెల తిరక్కుండా మళ్ళీ కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు వదులుగా ఉందేమోనని మూడోసారి కాలినాకే ఎవరికైనా తోస్తుంది. మోటారు కాలితే రైతుకు నష్టం డబ్బు. నీ పనిలో నష్టం అక్కడితో ఆగదు.

ఆగదనడానికి రుజువులున్నాయి. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగబోతున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లో ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ ఇంకా ఆకాశంలో ఉండగానే మైనస్ 8 అడుగులని చూపింది. ఆటోథ్రాటిల్ ఆ మాట నమ్మి, నేల తాకబోతున్నామనుకుని ఇంజన్ల శక్తి తగ్గించేసింది. వేగం పడిపోయి విమానం పొలంలో కూలింది. తొమ్మిది మంది పోయారు. రికార్డర్‌లో దొరికిన అంతకు ముందరి ఎనిమిది ప్రయాణాల్లో రెండుసార్లు అదే తప్పు వచ్చింది. ఇంకొకటి 2018 అక్టోబర్‌లో, ఇండోనేసియాలో. లయన్ ఎయిర్ 737 మ్యాక్స్‌కు బాలిలో గాలి తగిలే కోణాన్ని కొలిచే ఒక సెన్సర్ మార్చారు. కొత్తగా పెట్టింది 21 డిగ్రీలు తప్పు చూపుతోంది. ఆ రాత్రి పైలట్లు తంటాలు పడి జకార్తా చేర్చారు కానీ, లాగ్‌బుక్‌లో తాము చూసిందంతా రాయలేదు. రాసిన ముక్కను పట్టుకుని ఇంజనీరు గొట్టాలు ఊదాడు, ఒక కనెక్టర్ శుభ్రం చేశాడు, పరీక్ష చేస్తే బాగుందనిపించింది. పొద్దున్నే బయల్దేరిన ఆ విమానంలో 189 మంది సముద్రంలో కలిసిపోయారు. కూలడానికి, ఆ సెన్సర్ మాట నమ్మి ముక్కును కిందికి నెట్టిన ఆటోమేటిక్ వ్యవస్థ డిజైన్ పెద్ద కారణం, అది వేరే చర్చ. నీకు పనికొచ్చేది నేలమీద ఆ రాత్రి జరిగింది. అక్కడ సోమరితనం లేదు. పని జరిగింది, పరీక్ష జరిగింది, సంతకమూ పడింది. కారణం మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇవి విమానాల కథలు కదా, హెలికాప్టర్‌లో ఆటోపైలట్ మొరాయిస్తే స్టిక్ మీది బటన్ నొక్కి వదిలించుకోవచ్చు కదా అంటావు. తెలిస్తే పైలట్ నొక్కుతాడు, నాయనా. అది ఏం పట్టుకుందో, ఏం వదిలేసిందో స్పష్టంగా తెలిస్తే. 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల దగ్గర సూపర్ ప్యూమా హెలికాప్టర్ మబ్బులో దిగుతూ సముద్రంలో పడింది. పద్దెనిమిది మందిలో నలుగురు పోయారు. ఆటోపైలట్ చెడలేదు. అది దిగుడు రేటును పట్టుకుంది, వేగాన్ని పైలట్లకే వదిలింది. వేగం తగ్గిపోతున్న సంగతి చివరిదాకా వాళ్ళ గమనంలోకి రాలేదు. 2020 ఏప్రిల్ 29న గ్రీస్ దగ్గరి అయోనియన్ సముద్రం మీద కెనడా సైక్లోన్ హెలికాప్టర్‌లోనూ ఇలాంటిదే. ఆటోమేటిక్ మోడ్ నడుస్తుండగానే పైలట్ స్టిక్‌తో మలుపు తిప్పాడు. కంప్యూటర్ లోలోపల ఎదురులెక్క కూడబెట్టుకుంది. అవసరమైన క్షణంలో మిషన్ చెప్పినమాట వినలేదు. ఆరుగురు పోయారు. నిక్షేపంగా ఉన్న యంత్రంతోనే మనిషికీ దానికీ మధ్య ఇంత అపార్థం పుడుతున్నప్పుడు, ఒకరోజు పట్టుకుని ఒకరోజు వదిలేసే యంత్రంతో ఇంకెంత పుడుతుందో ఆలోచించు.

మనవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కరలేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 నల్లమలలో కూలింది. లోపలున్న ఐదుగురూ పోయారు. ఆయన సమాధి ఉన్న ఇడుపులపాయ మనకు ఎంత దూరమని! అది ఆటోపైలట్ కథ కాదు, దాన్ని నా వాదానికి వంచను. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన విచారణ సంఘం కిందికి ఈడ్చే తీవ్రమైన గాలిలో చిక్కి అదుపు తప్పడాన్ని కారణంగా చూపింది. దాంతోపాటు ఇంకో సంగతీ చెప్పింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ మీద వచ్చిన ఒక హెచ్చరికకు ఏం చేయాలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా అందులోనే మునిగిపోయారు. బయట చూస్తే వాన, మబ్బు, కొండలు. స్నాగ్ అనేది మిషన్‌కే కాదు, మనిషి ధ్యాసకు కూడా తగులుతుందని ఇంతకన్నా తేటగా ఇంకెక్కడ తెలుస్తుంది? నమ్మకం లేని ఆటోపైలట్ ప్రతి ప్రయాణంలోనూ ఆ ధ్యాసలో ఒక వాటా తింటూనే ఉంటుంది.

కాదనేవాళ్ళకు బలమైన మాట ఒకటుంది. మబ్బులో ఆటోపైలట్ లేకపోతే ఇంకా ప్రమాదం కదా, ఏదో ఒకటి ఉండటం మేలు కదా అంటారు. మబ్బులో లేకపోవడం ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ లేదని ముందే రాసి ఉంటే పైలట్ మబ్బులోకే పోడు. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ పెట్టింది ఇందుకే. ఏది లేకుండా, ఏ షరతులతో, ఎన్నాళ్ళు ఎగరవచ్చో అందులో ఉంటుంది. పగటిపూట, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, అవసరమైతే ఇద్దరు పైలట్లతో పోతారు, లేదా ప్రయాణం మానుకుంటారు. ఉందనుకుని మబ్బులో దూరినాక అది చెయ్యిస్తేనే దిక్కు తోచదు. రెండో అభ్యంతరం డబ్బుది. హెలికాప్టర్ హ్యాంగర్‌లో కూర్చుంటే యజమానికి నష్టం, పైగా మాన్యువల్లోనే పెట్టె మార్చమని ఉంది అంటారు. మాన్యువల్‌ను తప్పకుండా పాటించు, దాన్ని దాటే హక్కు నీకు లేదు. అయితే అందులోని ఫాల్ట్ ట్రీని, అంటే లోపం వెతికే మెట్ల పట్టికను, పైనుంచి చదువు. వైరు కొలవమన్న మెట్టు దాటేసి పెట్టె మెట్టు మీదికి దూకొద్దు. రెండు ఛానళ్ళున్న మిషన్‌లో ఒకటో జైరోను రెండో చోట పెట్టి చూడమని ఉంటే, పెట్టేముందు కనెక్టర్ ఫోటో తీసుకో, పిన్నులు చూడు, ఆ తర్వాతే ఊడదీయి. జబ్బు జైరో వెంట పోతే జైరోది. అక్కడే ఉండిపోతే వైరుది. రెండూ కాక మాయమైతే బాగైందనుకోకు, ఆధారం చెరిగిపోయిందనుకో. ఇక డబ్బు లెక్కకు వస్తే, మంచి పెట్టెలను మూడుసార్లు వర్క్‌షాపుకు తిప్పిన ఖర్చు ముందు, ఒక పూట వైర్ల కట్టను చివరిదాకా తడిమి చూసిన ఖర్చు ఏపాటిది?

ఇంకొక్కటి, పైలట్‌తో మాట్లాడు. ‘ఆటోపైలట్ యూ/ఎస్’ (పనిచేయడం లేదు) అని రెండు ముక్కలు గీకి పోతే వెంటపడి అడుగు. ఏ వేగంలో, ఏ ఎత్తులో, ఎటు తిరుగుతుండగా? వానలోనా, ఎండలోనా? రేడియో బటన్ నొక్కినప్పుడా? ముక్కు ఊగిందా, తోక విసిరిందా, నిమిషానికొకసారా, క్షణానికి రెండుసార్లా? విసుక్కుంటాడు, పడు. నెమ్మదైన ఊగుడు గాలి గొట్టాల వైపు చూపిస్తుంది, చిటుక్కున వచ్చే తన్ను వైర్ల వైపు చూపిస్తుంది. ఆయన చెప్పిందంతా ఆయన మాటల్లోనే రాసుకో. నువ్వు రాసేటప్పుడు మాత్రం ‘నేలమీద పరీక్షించాను, బాగుంది’ అని ముగించొద్దు. ఏం చూశావో, ఏం దొరికిందో, ఏం దొరకలేదో రాయి. నీ తర్వాత షిఫ్టులో వచ్చేవాడు చదివేది అదే.

నల్లమల ప్రమాదం మీద ఆ సంఘం ఇచ్చిన నివేదికను సంపాదించి, ఆ ఆరు నిమిషాల భాగం తీరిగ్గా చదువు. చదివినాక నాకు జాబు రాయి.

ఇట్లు,
మీ పెద్దనాయన